గుమ్మడిమెట్ట పెట్టె పుస్తకం

మబ్బు ముప్పై ఒకటో ఏడు, నవంబరు 3, సోమవారం

ఈ పుస్తకంలో నాకంటే ముందు సంతకాలు పెట్టినవాళ్ళందరూ కులాసానా? తవిటయ్య గారూ, మే నెలలో ఎడమ మోకాలు వాచిందని రాశారు, తగ్గిందా? వేడి ఉప్పు కాపడం పెడుతున్నారా? రాములమ్మ గారూ, కింద ఉన్నంతసేపూ దగ్గు, కొండ మీద ఒక్కసారీ రాలేదు అన్నారు, ఇప్పుడెలా ఉంది? ఎర్నాయుడూ, పోలమ్మా, మీ పెళ్ళయిన పదో రోజున పైకొచ్చి ఇద్దరూ ఒకే గీతలో సంతకం పెట్టారు. వేళకు తింటున్నారా తల్లీ? సెప్టెంబరులో పేరు రాయకుండా ఒట్టి వేలిముద్ర వేసినవారు ఎవరో నాకు తెలియదు. మీ వేలి మధ్యలో కోసుకున్న గీత కనిపిస్తోంది. మానిందా? చీము పట్టలేదు కదా?

నేను బాగానే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది, మనసులోనే బాగా లేదు. నా పేరు సన్యాసమ్మ. డెబ్భై రెండేళ్ళు. మూడో తరగతి దాకా చదివాను, తప్పులుంటే సర్దుకోండి. నేనొక పొరపాటు చేశాను. చెప్పకుండా ఉంటే అది నన్ను తినేస్తుందని వెనకవైపు, అంతగా తడవని ఖాళీ పేజీల్లో రాస్తున్నాను.

ఈ పుస్తకం ఇప్పుడు గుమ్మడిమెట్ట మీద లేదు. మా వంటింట్లో ఉంది.

పెట్టెలాట తెలియనివాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. ప్రతి కొండ కొప్పు మీదా ఎవరో ఒకరు ఒక రేకుపెట్టె దాచి ఉంచుతారు. చేతిలో దారిపలక ఉంటుంది, అది ఇటు ఇన్ని అడుగులు, అటు ఇన్ని అడుగులు అని చెబుతుంది. చివరి పదడుగులూ మాత్రం మన కళ్ళే వెతకాలి. దొరికితే పుస్తకంలో సంతకం పెట్టి, లోపలున్న వస్తువు ఒకటి తీసుకుని మన వస్తువు ఒకటి పెట్టి, ఉన్నచోటే మళ్ళీ దాచాలి. కాళ్ళకి తగిలించుకునే నా నడక తొడుగులు కొత్తగా ఉన్నప్పుడు పదకొండు కొండలెక్కి పదకొండు పెట్టెలు వెతికాను. ఇప్పుడు వాటి బ్యాటరీ కూడా నాలాగే ముసలిదైపోయింది. ఒక్క చార్జింగుతో ఎక్కి దిగడానికి అందే కొండ గుమ్మడిమెట్ట ఒక్కటే.

నిన్న గౌరమ్మా నేనూ ఎక్కాం. గౌరమ్మ మా పక్కింటావిడ, నన్ను వదినా అంటుంది. తను గుడ్డ పరిచి వడియాలు పెడుతుంటే నేను పెట్టె వెతికాను. దొరికింది. మూత వంకరపోయి ఉంది. పుస్తకం తడిసి నానిన అట్టలా ఉంది. మీ అందరి రాతలూ అలుక్కుపోతాయేమోనని కంగారుపడ్డాను. గాలి కూడా విసురుగా ఉంది, ఎండలో పరిస్తే ఏ పేజీ ఎగిరిపోతుందోనని భయమేసింది. తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టేసుకున్నాను.

పొద్దున్న గౌరమ్మ పంచదార కోసం వచ్చి పొయ్యి పక్కన పుస్తకాన్ని చూసింది.

"ఇదేటి వదినా, ఇది ఇక్కడున్నాది?"

"తడిసిపోనాదే. ఆరబెడదామని తెచ్చినాను."

 గౌరమ్మ గోడ పట్టుకుని నవ్వింది. "ఊరు ఊరంతా వడియాలు ఆరబెట్టుకోడానికి కొండెక్కుతాది. నువ్వు కొండ మీదున్న పుస్తకాన్ని కిందకి తెచ్చి ఆరబెడతావా? ఇక్కడ ఉప్పు డబ్బాలో ఉప్పే గడ్డ కట్టుకుపోతాది కదే! తీగ మీదేసిన నా చీర శుక్రవారం నించీ ఆరతానే ఉన్నాది."

నిజమే. ఎండ ఉన్నచోటి నుంచి ఎండ లేని చోటికి తెచ్చాను. ఇన్నేళ్ళొచ్చి ఇంత తెలివితక్కువ పని ఎలా చేశానో నాకే తెలియడం లేదు. నెలాఖరున, ఇరవై ఎనిమిదిన, వేడి తగ్గించడానికి ముప్పై ఏళ్ళుగా మా నెత్తిన మబ్బు కప్పి ఉంచే మబ్బు ఆఫీసువాళ్ళు పెట్టె తనిఖీకి వస్తారు. ఈలోగా తీసుకెళ్ళి పెట్టేయవచ్చని గౌరమ్మ అంటోంది. నాకు నమ్మకం లేదు. నాకు ఏదీ నమ్మకం లేదు.

నవంబరు 5, బుధవారం

బియ్యం డబ్బాలో పెట్టాను. బియ్యానికి చెమ్మ పట్టింది. ఇస్త్రీ చేయబోతే జూన్ నెల పేజీ మూల చీలింది. జూన్‌లో సంతకం పెట్టినవాళ్ళు క్షమించాలి.

నా భయమంతా నూకాలు గురించి. నూకాలు నా తోడికోడలు. మా ఇద్దరి మగవాళ్ళూ పోయాక పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. తన ఎముకలు గుల్లబారాయి. మందులన్నీ ఇచ్చాక, ఒంటికి కాస్త ఎండ తగిలితే ఈ మందులకి ఫలితం ఉంటుందమ్మా అంది డాక్టరమ్మ. కింద ఎండెక్కడిది? ఎక్కడ చూసినా ఈ పాలవెలుతురే. నడక తొడుగులకి నాలుగేళ్ళ కిందట పేరు రాయించాం. ఈ నెల ఇరవైన వస్తాయని కబురొచ్చింది. అవి కూడా నా వాటిలాంటివే, గుమ్మడిమెట్ట దాకానే అందుతాయి.

తనిఖీలో పెట్టె తెరిస్తే పుస్తకం ఉండాలి, అందులో నెలకొక్క సంతకమైనా ఉండాలి. అప్పుడే అది మనుషులు వచ్చే కొండ, మబ్బుని దాని కొప్పు కిందే ఆపుతారు. లేకపోతే పైదాకా కప్పేస్తారు. కప్పేస్తే నూకాలుకి తొడుగులొచ్చినా ఎక్కడానికి కొండ ఉండదు.

ఈ సంగతి తనకి చెప్పలేదు. చెబితే దిగులు పడుతుంది. కానీ మధ్యాహ్నం తనే అడిగింది.

"అక్కా, ఎండ ఒంటి మీద పడితే ఎలగుంటాదే? నాను మర్సిపోనాను."

"ఏటో, ఎచ్చగుంటాది."

"పొయ్యి కాడా ఎచ్చగుంటాది. అలగేనా?"

"అలక్కాదు. పొయ్యి ఒక పక్కే. ఎండైతే ఈపు మీద సెయ్యేసి కూకోబెట్టినట్టుంటాది."

తను కళ్ళు మూసుకుని నవ్వుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి పుస్తకం ముందు కూర్చున్నాను.

నవంబరు 8, శనివారం

నేను అనుకున్నట్టే అయింది. నేను అనుకున్న చెడ్డవన్నీ జరుగుతాయని కాదు, కానీ ఇది జరిగింది. తనిఖీ ముందుకి జరిపారు. వచ్చే గురువారం, పదమూడు, మధ్యాహ్నం పన్నెండు గంటలకి. పట్నంలో వేడెక్కువైందని ఈసారి మబ్బు మందం పెంచుతారట. ప్రయోగంగా ఇవాళే మొదలుపెట్టారు. రెండో బండ కింద ఉండే మబ్బు సాయంత్రానికి బండని మింగేసిందని కొండ దిగొచ్చినవాళ్ళు చెప్పారు.

"పుస్తకం తడిగానే అట్టుకెళ్ళి పెట్టీరాదా?" అంది గౌరమ్మ.

"పేజీలు అతుక్కుపోతే? సంతకాలు కనపడకపోతే? పుస్తకం లేకపోనా, ఉండీ సదవలేకపోనా ఒకటే కదా?"

"నీతో ఏగడం నా వల్ల కాదు. నీ కడుపున పుట్టనందుకు సంతోషంగున్నాది."

అలా అని వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చి, తన పాత నూలు చీర చింపిన ముక్కలు ఇచ్చింది. ఒక్కో పేజీ మధ్య ఒక్కో ముక్క పెట్టమంది. అవి పెట్టాక పుస్తకం దిండంత ఉబ్బింది.

నవంబరు 11, మంగళవారం

ఆరుతోంది! ఈ ఇంట్లో వెచ్చగా, పొడిగా ఉండే చోటు ఒకటుందని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. తొడుగులకి చార్జింగు పెట్టే పీట. దాని మీద చెయ్యి పెడితే దింపి కాసేపైన అట్లపెనంలా ఉంటుంది. పుస్తకాన్ని విప్పి దాని మీద బోర్లించాను. గంటకోసారి పేజీ తిప్పుతున్నాను. తవిటయ్య గారి మోకాలు ఆరింది. రాములమ్మ గారి దగ్గు ఆరింది. పోలమ్మా, మీ ఇద్దరి సంతకాలూ ఇంకా కొంచెం మెత్తగా ఉన్నాయి. అక్టోబరులో నేను పెట్టిన సంతకం పాకి చీమలా అయింది కానీ సన్యాసమ్మ అని చదవవచ్చు.

రేపు వెళ్దామంటే రేపు దారి మూసేస్తారట, మబ్బు వదులుతున్నారు కాబట్టి. ఇక గురువారమే. పొద్దున్న ఏడింటికి బయలుదేరితే పదకొండుకి పైన ఉంటాం. పన్నెండుకి ఆయన వచ్చేసరికి పుస్తకం పెట్టెలో ఉంటుంది. గౌరమ్మ కూడా ఇదే లెక్క చెప్పింది. ఇద్దరి లెక్కా ఒకటే అయినప్పుడు నాకు ఇంకా భయమేస్తుంది.

నవంబరు 13, గురువారం

ఇది గుమ్మడిమెట్ట మీద, ఎండలో కూర్చుని రాస్తున్నాను.  

పొద్దున్న తొడుగులు తగిలించుకుంటే పచ్చ దీపాలు నాలుగు వెలగాల్సింది రెండే వెలిగాయి. పీట దగ్గరికెళ్ళి చూశాను. రెండు రోజులుగా పుస్తకం అట్ట మూల పీటకీ తొడుగు కొక్కేనికీ మధ్య దూరి ఉంది. పుస్తకం ఆరింది, తొడుగులు సగమే నిండాయి. ఆగుదామంటే వేళ లేదు. నూకాలు మంచం మీంచి, "ఏటక్కా, అలగున్నావు?" అంది. ఏం లేదని చెప్పి వచ్చేశాను.

మొదటి బండ దాటగానే మబ్బులోకి వెళ్ళాం. ఇదివరకు అంత కిందకి ఉండేది కాదు. ముందున్న గౌరమ్మ కనిపించడం లేదు, ఆవిడ పైట చెంగు మాత్రం నా చేతిలో ఉంది. రెండో బండ మీద కాలు పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. కుయ్యిమని ఒక కూత కూసి కుడి తొడుగు బిగుసుకుపోయింది. ఇంకో పది అడుగులకి ఎడమది కూడా.

"ఆగిపోనాయి గౌరమ్మా."

గౌరమ్మ మబ్బులోంచి వెనక్కొచ్చి నా కాళ్ళ వంక చూసింది. "పుస్తకం నాకియ్యి. నానెల్లి పెట్టీసి వస్తాను. నువ్విక్కడే కూకో."

"పెట్టె ఏ రాయి కిందుందో తెల్సా?"

"నాకేటి తెల్సు? నాను వడియాలు పెడతాను. ఆ ఎతుకులాట నీదే కదా."

ఎడమవైపు మూడో రాయి, నల్లమచ్చ ఉన్నది, పక్కన ఇంకో నల్లమచ్చ రాయి ఉంటుంది, అది కాదు, అని చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే కలగాపులగమైంది. పైన కూడా మబ్బు కమ్మేసి ఉంటే నల్లమచ్చ ఎక్కడ కనిపిస్తుంది? దారిపలక చెప్పే మాటలు గౌరమ్మకి అర్థం కావు, ఎడమ అంటే కుడికి తిరుగుతుంది.

బండ మీద కూర్చుని పట్టీలు విప్పేశాను. ఒక్కో తొడుగూ నాలుగు కేజీలు. పనిచేసినంతసేపే అవి కాళ్ళు, ఆగిపోయాక మోత. ఆరేళ్ళుగా తొడుగు లేకుండా గుమ్మం దాటి ఎరుగను. నా పిక్కలు అరటి దూటలా తెల్లగా, సన్నగా ఉన్నాయి.

"ఓలమ్మా! ఈ పుల్లలతో ఎక్కుతావా?" అంది గౌరమ్మ.

"ఎక్కుతాను."

"పడితే?"

"పడితే లేపు. అందుకే కదా నువ్వొచ్చినావు."

అలా ఎందుకన్నానో తెలియదు. నేను ఎవరితోనూ అలా మాట్లాడను. గౌరమ్మ కూడా నోరు తెరిచి చూసింది.

పది అడుగులు లెక్కపెట్టి నిలబడేదాన్ని. మళ్ళీ పది. యాభై అయ్యాక కూర్చునేదాన్ని. కూర్చుంటే లేవలేనేమోనని భయం, లేస్తే పడతానేమోనని భయం, ఈలోగా పన్నెండు అయిపోతుందని భయం. ఇన్ని భయాలు ఒకేసారి వస్తే ఏది ముందు పడాలో తెలియక కాళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. చేతులతో రాళ్ళు పట్టుకుని పాకాను కూడా. మూడో బండ దగ్గర దారిపలక, "ఇంకా రెండు వందల అడుగులు" అంది. పదకొండుంబావు దాటిపోయింది. పుస్తకం రవికలో పెట్టుకున్నాను, తడవకుండా.

నూట అరవయ్యో అడుగు దగ్గర తల మీద ఎవరో దీపం పెట్టినట్టు అయింది. ఇంకో అడుగు వేశాను. తల మబ్బు బయటకి వచ్చింది. భుజాలు ఇంకా మబ్బులోనే ఉన్నాయి. వెనక గౌరమ్మ తల మొలిచింది. ఇద్దరం తలలు మాత్రమే ఉన్నవాళ్ళలా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. చుట్టూ తెల్లటి నేల పరిచినట్టుంది, అందులోంచి కొండకొప్పులు. అటు తాటిమెట్ట, అక్కడి పెట్టెలో నాకు ఈల దొరికింది. ఇటు జోడుకొండలు, అక్కడ నేను దువ్వెన పెట్టాను. ఒకప్పుడు అన్నిటి మీదా నిలబడ్డాను, కానీ అవన్నీ తొడుగులతో ఎక్కినవి. ఇదొక్కటీ నా కాళ్ళతో ఎక్కాను.

పైకెళ్ళేసరికి పన్నెండుకి పావుగంట తక్కువ. ఆయన ముందే వచ్చేశారు.

ఆఫీసు చొక్కా, వీపున సొంత తొడుగుల బ్యాటరీ, యాభై ఏళ్ళుంటాయి. పేరు కూర్మారావు అని చొక్కా మీద రాసి ఉంది. నల్లమచ్చ రాయి పక్కకి తీసి ఉంది. పెట్టె ఆయన ముందు మూత తెరిచి ఉంది. ఆయన కాగితం మీద రాస్తున్నారు.

"బాబూ, రాయకండి!" అని అరిచాను. ఊపిరాడక కింద కూలబడ్డాను.

"ఎవరమ్మా మీరు? మెల్లగా, మెల్లగా. నీళ్ళు తాగండి."

నీళ్ళు పక్కన పెట్టి పుస్తకం తీసి చూపించాను. జరిగిందంతా చెప్పాను. ఆయన విని, తల అడ్డంగా ఊపారు.

"పెట్టె తెరిచేసరికి పుస్తకం పెట్టెలో ఉండాలమ్మా. మీ దగ్గర ఉంటే నేనేం చేయను? లేదని రాసేశాను."

"మనుషులు రాని కొండా ఇది?" అని గౌరమ్మ చెయ్యి చాపింది. కొప్పు మీద బండలన్నిటి మీదా గుడ్డలు పరిచి ఉన్నాయి. గుమ్మడి వడియాలు, మినప వడియాలు, మిరపకాయలు, ఎవరివో పిండి అప్పడాలు. నాలుగు మూలలా రాళ్ళు. "ఇయ్యన్నీ మరి మబ్బు వచ్చి పెట్టిందా బాబూ?"

ఆయనకి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నారు. "వడియాలకి మా కాగితంలో గడి లేదమ్మా. పుస్తకానికే ఉంది."

నా గొంతులోంచి ఏడుపు రావాలి. రాలేదు. కోపం వచ్చింది. నాకు కోపం వచ్చి ఎన్నేళ్ళయిందో.

"ఆ పెట్టె ఒకసారి వంచండి బాబూ" అన్నాను.

"ఎందుకు?"

"వంచండి."

వంచారు. లోపలి నుంచి గ్లాసుడు నీళ్ళు కారాయి. తుప్పుపట్టిన తాళంచెవి, ముద్దయిపోయిన పేకముక్క ఒకటి, దాంతోపాటు జారి పడ్డాయి. ఆయన ఆ పేకముక్కని వేళ్ళతో తీస్తే రెండుగా తెగింది. అది చూసి నా చేతిలో పుస్తకం తీసుకున్నారు. జనవరి నుంచి ఒక్కో పేజీ తిప్పారు. గలగలమని పేజీలు మోగాయి. ప్రతి నెలా చదివారు. జూన్ దగ్గర చీలిన మూలని కలిపి పట్టుకుని చదివారు. నవంబరు పేజీ మీద రెండో తారీకున నేను పెట్టిన సంతకం ఉంది. వెనక నేను రాసిన పేజీలు కూడా తిప్పారు. నూకాలు గురించి రాసిన చోట ఆగారు. రెండుసార్లు చదివారు.

"ఇది పెట్టెలోనే ఉండి ఉంటే ఏమయ్యేదమ్మా?"

"ముద్దయిపోయేది బాబూ."

"అప్పుడు కూడా లేదనే రాసేవాణ్ణి" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. "కానీ నేను పెట్టె తెరిచేశాను కదా."

"అయితే మూసీసి మళ్ళీ తెరవండి బాబూ" అంది గౌరమ్మ. "పన్నెండు గంటల తనిఖీ కదా. పన్నెండు ఇంకా అవనేదు."

ఆయన గడియారం చూసుకున్నారు. నిజంగానే అవలేదు. రెండు నిమిషాలుంది. ఆయన తన చేతిరుమాలుతో పెట్టె లోపల తుడిచారు. నేను పుస్తకం అందులో పెట్టాను. ఆయన మూత మూశారు. ముగ్గురం పెట్టె చుట్టూ కూర్చుని ఆ రెండు నిమిషాలూ గడిపాం. నా జీవితంలో అంత పొడుగు రెండు నిమిషాలు లేవు. గడియారం మోగింది. ఆయన మూత తెరిచి, పుస్తకాన్ని కొత్తగా చూసినట్టు చూశారు. రాసిన కాగితం చింపి జేబులో పెట్టుకుని, కొత్త కాగితం తీశారు.

"పుస్తకం ఉంది. పన్నెండు నెలలకి పదకొండు నిండాయి, డిసెంబరు ఇంకా రాలేదు. మనుషులు వస్తున్నారు" అని పైకి చదువుతూ రాశారు. కింద ఇంకో గడి ఉంది, ఎలా వచ్చారు అని. నా కాళ్ళ వంక చూసి, "సొంత కాళ్ళతో" అని రాశారు. అది నాకు చదివి వినిపించారు. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివారు.

తరవాత చొక్కాకి ఉన్న ఫోన్‌లో, "గుమ్మడిమెట్ట. మబ్బు దించండి. పాత గుర్తు దాకా" అన్నారు.

మబ్బు దిగడం నేనెప్పుడూ చూడలేదు. ముందు కొప్పు అంచున ఉన్న గడ్డి తేలింది. తరవాత మూడో బండ, నల్లగా, తడిగా, ఎండకి మెరుస్తూ. తరవాత నేను పాకిన దారి. అంత నిటారుగా ఉందని నాకు తెలియదు, తెలిస్తే ఎక్కేదాన్ని కాదు. ఆఖరున రెండో బండ, దాని మీద నేను విప్పి పడేసిన తొడుగులు, ఎవరో కూర్చుని లేచి వెళ్ళిపోయినట్టు మోకాళ్ళ దగ్గర వంగి ఉన్నాయి. గౌరమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కూర్మారావు గారు కూడా కొట్టారు, ఆఫీసు చొక్కా వేసుకుని.

గౌరమ్మ ఆరిన వడియాలు గుప్పెడు కాగితంలో కట్టి ఇచ్చింది. ఆయన వద్దన్నారు. "లంచం కాదు బాబూ, ఏపుకుని తినండి" అంది. తీసుకున్నారు. దిగేటప్పుడు రెండో బండ దగ్గర తన బ్యాటరీ నా తొడుగులకి తగిలిస్తానన్నారు. అక్కడిదాకా మాత్రం నేను నడిచే దిగుతానని చెప్పాను. పడతావే అంది గౌరమ్మ. పడితే పడతాను.

ఈ పుస్తకం చదివేవాళ్ళకి ఒక మాట. నూకాలుకి ఇరవైన తొడుగులొస్తాయి. రెండు రోజులు ఇంట్లో నడిచి అలవాటు చేసుకుంటుంది. ఈ నెల 23, ఆదివారం, పొద్దున్న పదకొండు గంటలకి తనని గుమ్మడిమెట్ట మీదకి తీసుకొస్తున్నాను.